పూర్వకథా కల్పన – నైతికత: కొమురం భీం గాథ నేపథ్యంలో ఒక పరిశీలన

ఇష్టపడిన కథకు కొనసాగింపు వచ్చి, అది బాగా లేకపోతే పాఠకుడు దాన్ని పక్కన పెట్టగలడు. అదే కథకు పూర్వకథ వచ్చి, అది బాగా లేకపోతే పక్కన పెట్టడం అంత సులభం కాదు. కొనసాగింపు ఫలితాలను చేరుస్తుంది. పూర్వకథ కారణాలను చేరుస్తుంది. ఫలితం నచ్చనివాడు కథ అంతకుముందే ముగిసిందని అనుకోవచ్చు. కారణం నచ్చనివాడికి ఆ వెసులుబాటు లేదు. తాను ప్రేమించిన ఘట్టానికే కొత్త కారణం వచ్చి చేరింది కాబట్టి, ఆ ఘట్టాన్ని మళ్లీ చూసిన ప్రతిసారీ ఆ కారణం కూడా అతడికి కనిపిస్తూనే ఉంటుంది. ప్రీక్వెల్ అని వ్యవహరిస్తున్న ఈ పూర్వకథా ప్రక్రియ అభిమానిలో కలిగించే ఆశాభంగం కేవలం అభిరుచికి సంబంధించినదా, లేక దానిలో నైతికమైన ఫిర్యాదు ఏదైనా ఉన్నదా అన్నది విచారించవలసిన ప్రశ్న.

ఈ ఆశాభంగానికి ప్రపంచవ్యాప్తంగా తరచుగా ఉదహరించేది జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ చిత్రావళి. 1977లో మొదటి చిత్రం, 1980, 1983లలో తర్వాతి రెండు వచ్చాయి. పదహారేళ్ల విరామం తర్వాత 1999లో ‘ద ఫాంటమ్ మెనేస్’, ఆపైన 2002, 2005లలో మరి రెండు చిత్రాలు పూర్వకథగా వెలువడ్డాయి. నటన, సంభాషణలు, కంప్యూటర్ దృశ్యాల ఆధిక్యం మొదలైన వాటిపై వచ్చిన విమర్శలను ఇక్కడ చర్చించనవసరం లేదు. అభిమానులను ఎక్కువగా బాధించినది ఒక చిన్న వివరం. మొదటి చిత్రంలో ‘ఫోర్స్’ అనే శక్తిని గురించి ఒక వృద్ధుడు యువకుడికి చెబుతాడు. అది ప్రాణులన్నిటినీ ఆవరించి, అల్లుకుని ఉండేది; సాధనతో, ఏకాగ్రతతో, అహంకారాన్ని విడిచిపెట్టడంతో అందేది. 1999 నాటి చిత్రంలో ఆ శక్తి సూక్ష్మజీవులకు ముడిపడింది. అవి జీవకణాల్లో ఉంటాయట. రక్తపరీక్షతో వాటిని లెక్కపెట్టవచ్చునట. సాధనకు అందేదనుకున్నది పుట్టుకతో వచ్చే సంఖ్య అయింది. వంశప్రసక్తి 1983 చిత్రంలోనే ఉన్నమాట నిజమే గాని, అక్కడ అది ఒక సూచన. ఇక్కడ అది కొలమానం. అర్హత పుట్టుకలో ఉంటుందనే సిద్ధాంతాన్ని శతాబ్దాలుగా అనుభవిస్తున్న సమాజంలోని పాఠకుడికి ఈ అభిమానుల బాధ వింతగా తోచదు.

అయితే ఆ అభిమానికి ఫిర్యాదు చేసే హక్కు ఉన్నదా? పాత చిత్రం పాత చిత్రంగానే ఉన్నది, దాన్ని ఎవరూ తుడిచివేయలేదు, నచ్చకపోతే కొత్తది చూడకుండా ఉండవచ్చు అన్నది సాధారణంగా వినిపించే సమాధానం. ఇది పైకి బలంగా కనిపించే సమాధానమే గాని, కథ అంటే కేవలం చిత్రపు రీలు లేదా ముద్రిత ప్రతి అనుకున్నప్పుడే నిలుస్తుంది. కథ శ్రోత మనస్సులో కార్యకారణాల అల్లికగా ఉంటుంది. ఆ అల్లికలోకి ఒక కారణం ప్రవేశించిన తర్వాత దాన్ని తెలియనట్లు నటించవచ్చు గాని, నిజంగా తెలియనిదిగా చేసుకోవడం సాధ్యం కాదు. కాబట్టి అభిమాని పోగొట్టుకున్నది నిజమైనదే. అయినా లూకాస్ విషయంలో దాన్ని అన్యాయం అనడం కష్టం. ఆ లోకం ఆయన కల్పించినది. అందులో ఖాళీలను వదిలినవాడూ, వాటిని పూరించినవాడూ ఆయనే. అభిమానికి దుఃఖం ఉన్నది. హక్కు మాత్రం లేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసంలోని అసలు విషయానికి ఆధారం.

పూర్వకథ సినిమాతో పుట్టిన ప్రక్రియ కాదు. పేరుకు ఉత్తరకాండయే అయినా రామాయణంలోని చివరి కాండ తొలి భాగమంతా పూర్వకథ. పట్టాభిషేకం ముగిసిన తర్వాత అగస్త్యుడు రాముడికి రావణుడి పుట్టుక, వరాలు, దిగ్విజయాలు చెబుతాడు. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణము’, కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణము’ ఈ వస్తువునే తెలుగు చేశాయి. అందులో నలకూబరుడి శాపం ఉన్నది: ఇష్టపడని స్త్రీని బలాత్కరిస్తే రావణుడి తల పగులుతుంది. ఈ వృత్తాంతం విన్న తర్వాత అశోకవనంలో రావణుడు పాటించిన నిగ్రహం అర్థమే మారిపోతుంది. అంతవరకు దాన్ని సీత తేజస్సు ప్రభావంగానో, రావణుడిలో మిగిలిన మర్యాదగానో చదువుకున్న పాఠకుడు ఇకపై ప్రాణభయంగా చదవవలసి వస్తుంది. శాపప్రసక్తి యుద్ధకాండలో మరొక రూపంలో కనిపించినా, విస్తారమైన కథగా దాన్ని స్థిరపరచినది ఉత్తరకాండమే. ఆ కాండ ప్రక్షిప్తమని వాదించిన పండితులందరూ భాషాశైలుల ఆధారంతోనే అలా అన్నారని అనుకోనక్కరలేదు. ఆ వాదం వెనుక కొంత అభిమాని ఆశాభంగం కూడా లేకపోలేదు.

ఇందుకు భిన్నంగా పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో పూర్వవృత్తాంతం ఆలస్యంగా బయటపడి, అంతవరకు చదివిన కథనంతా తలకిందులు చేస్తుంది. అయినా పాఠకుడికి ఆశాభంగం కలగదు, సరికదా ఆశ్చర్యమూ ఆనందమూ కలుగుతాయి. ఎందుకంటే ఆ ఖాళీ కవి మొదటినుంచీ ఉద్దేశపూర్వకంగా కాపాడుకున్నది. అక్కడ పూర్వకథ తర్వాత తోచిన అతుకు కాదు.

ఈ భేదాన్ని అలంకారశాస్త్రం గుర్తించింది. ఇతివృత్తం ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలని ‘దశరూపకం’లో ధనంజయుడు విభజించాడు. ప్రఖ్యాత కథలో రసానికి అడ్డు వచ్చేదాన్ని వదిలివేసి తగినదాన్ని కల్పించుకునే స్వేచ్ఛ కవికి ఉన్నదని ఆనందవర్ధనుడూ అంగీకరించాడు. అయితే ‘ధ్వన్యాలోకం’ మూడవ ఉద్ద్యోతంలో ఆయన ఒక హద్దు గీశాడు. రామాయణం వంటి సిద్ధరస కథలలో, అంటే శ్రోతల మనస్సులో రసం ముందే నిలదొక్కుకున్న కథలలో, ఆ రసానికి విరుద్ధమైన స్వేచ్ఛాకల్పనను చేర్చరాదన్నాడు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆనందవర్ధనుడు ఇక్కడ చారిత్రక సత్యాన్ని ప్రమాణంగా తీసుకోలేదు. కథ ఎవరిలో సిద్ధమై ఉన్నదో వారి అనుభవాన్ని ప్రమాణంగా తీసుకున్నాడు. సిద్ధరసత్వం గ్రంథధర్మం మాత్రమే కాదు, ఒక సమాజానికీ ఒక కథకూ మధ్య ఉన్న సంబంధం కూడా. ఒక ప్రాంతంలో సిద్ధరసమైన కథ మరొక ప్రాంతంలో ఎవరూ వినని కథ కావచ్చు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో కొమురం భీం కథ ఇందుకు తగిన ఉదాహరణ.

1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకెపల్లిలో పుట్టినట్లు చెప్పే భీం, 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. రిజర్వు అడవుల పేరుతో గోండులను, కోలాములను సాగుభూముల నుంచి తొలగించడం, పశువుల మేతకూ కట్టెకూ పన్నులు, అటవీ సిబ్బంది దౌర్జన్యం ఆ తిరుగుబాటుకు కారణాలు. తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం పరిస్థితిని అధ్యయనం చేయించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రచనలు కూడా ఈ కారణాలనే నిర్ధారిస్తాయి. ‘జల్, జంగల్, జమీన్’ నినాదాన్ని ప్రజాస్మృతి భీంకే ఆపాదిస్తుంది. పూర్వపు కరీంనగర్ జిల్లా మంథని ప్రాంతానికి చెందిన అల్లం రాజయ్య, సాహుతో కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల ఈ కథను తెలుగు సాహిత్యంలో స్థిరపరచింది. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో 1990లో తయారైన చలనచిత్రం ఇరవై ఏళ్ల తర్వాత 2010లో గాని ప్రేక్షకుల ముందుకు రాలేదు. ఆ ఆలస్యం కూడా ఈ కథ చరిత్రలో భాగమే.

2022 మార్చి 25న విడుదలైన ఎస్.ఎస్. రాజమౌళి ‘ఆర్ ఆర్ ఆర్’ ప్రక్రియ దృష్ట్యా పూర్వకథ. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఇద్దరూ యౌవనంలో ఇల్లు విడిచి వెళ్లారు. ఆ కాలంలో ఎక్కడ ఉన్నారో, ఏమి చేశారో తెలియదు. ఆ కాలంలో వారిద్దరూ కలిసి మిత్రులై ఉంటే ఎలా ఉంటుంది అన్నది చిత్రానికి బీజం. దీన్ని దర్శకుడు 2019లోనే పత్రికల వారి ముందు ప్రకటించారు. కథ 1920 ప్రాంతపు ఢిల్లీలో సాగుతుంది. ఇద్దరు వీరులు ఎలా పరిపూర్ణులయ్యారో చెప్పడం దాని లక్ష్యం. ఇది కల్పితమని దర్శకుడు దాచలేదు. కల్పన చేయడాన్నే తప్పుపట్టే వాదనలో బలం లేదు. రాజయ్య, సాహుల నవలలోనూ కల్పన ఉన్నది.

చిక్కు ‘తెలియదు’ అన్న మాటలో ఉన్నది. ఎవరికి తెలియదు? గోండు గ్రామాల్లో ప్రచారంలో ఉండి, నవల ద్వారా, వ్యాసాల ద్వారా తెలుగు పాఠకులకు అందిన గాథలో ఆ సంవత్సరాలు శూన్యంగా లేవు. పంట స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన సిద్దిఖ్ అనేవాడు ఘర్షణలో చనిపోగా భీం ఊరు విడిచాడు. చాందా ప్రాంతానికి చేరి, విఠోబా అనే అచ్చుయంత్రం నడిపే మనిషి దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అక్కడినుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లి కూలిపని చేశాడు; కూలీల పక్షాన నిలిచి, నిర్బంధం నుంచి తప్పించుకుని తిరిగి వచ్చాడు. ఈ వివరాలన్నిటికీ పత్రాల రుజువులు లేకపోవచ్చు. గాథగా మాత్రం ఇది సుసంపన్నమైన పూర్వకథ. దాని తర్కం కూడా స్పష్టమైనదే: అడవి వదిలిన యువకుడు ప్రెస్సులో అక్షరాన్నీ, తోటలో కూలీ సంఘటితశక్తినీ చూసి, ఆ రెండింటితో అడవికి తిరిగి వచ్చాడు. వ్రాతపూర్వక చరిత్రలో కనిపించని దాన్ని ఖాళీ అనడానికీ, దాన్ని ఖాళీ స్థలంగా భావించి కొత్త కట్టడం లేపడానికీ మధ్య దూరం ఎక్కువ లేదు. పట్టా లేని భూమిని బంజరుగా నమోదు చేసిన అటవీశాఖ రికార్డు ఆ ప్రాంతవాసికి ఇక్కడ గుర్తు రావడం అసహజం కాదు.

చిత్రంపై ఆ ప్రాంతంలో వ్యక్తమైన ఆక్షేపణలన్నీ ఒకే తరహావి కావు. 2020 అక్టోబరు 22న విడుదలైన ప్రచార దృశ్యంలో భీం పాత్ర ముస్లిం టోపీ ధరించి కనిపించడాన్ని అప్పటి ఆదిలాబాద్ పార్లమెంటు సభ్యుడు సోయం బాపురావు తీవ్రంగా ఖండించారు. పత్రికలలో ఎక్కువ చోటు దొరికినది ఈ ఆక్షేపణకే. నిజానికి ఇదే బలహీనమైనది. చిత్రంలో ఆ టోపీ ఒక మారువేషం. అఖ్తర్ అనే పేరుతో ఢిల్లీలో దాగి ఉన్న మనిషి వేషం. నిజాంతో పోరాడినవాడికి ముస్లిం వేషమా అన్న ప్రశ్నలో రాజ్యవ్యవస్థకూ మతానికీ మధ్య తేడా చెరిగిపోతుంది. భీం పోరాటం పాలకుడి మతంపై కాదు, అటవీ చట్టంపైనా, భూమి దక్కనివ్వని అధికారంపైనా సాగినది.

లోతైన ఆక్షేపణ చిత్రం ముగింపుకు సంబంధించినది. పోరు ముగిశాక ఏం కావాలో కోరుకోమని రామరాజు అడుగుతాడు. తనవాళ్లకు చదువు కావాలని భీం అంటాడు. రామరాజు జెండాపై జల్, జంగల్, జమీన్ అన్న మాటలు రాస్తాడు. ఒక్క నిమిషం కూడా పట్టని ఈ దృశ్యంలో పూర్వకథ చేయగలిగినదంతా ఉన్నది. భీం జీవితపు సారంగా ప్రజలు తలచే నినాదానికి కొత్త మూలం ఏర్పడింది. అది మరొకరి చేతిరాతలో ఉన్నది. విఠోబా ప్రెస్సులో నేర్చిన అక్షరం స్థానంలో మిత్రుడు దయచేసిన అక్షరం వచ్చింది. ‘స్టార్ వార్స్’ పూర్వకథ సాధనను రక్తంలోని సంఖ్యగా మార్చినట్లే, ఇక్కడ ఒక సమాజం స్వయంగా సంపాదించుకున్నది పై నుంచి అందిన కానుకగా మారింది. పోలిక ఇంతవరకే. అక్కడ నష్టపోయినది ఒక కల్పితలోకపు అర్థం. ఇక్కడ నష్టపోయినది బ్రతికి ఉన్న మనుషులు తమ గురించి తాము చెప్పుకునే మాట.

చదువు విషయంలో చరిత్ర ఆ దృశ్యానికి దాదాపు వ్యతిరేక దిశలో నడిచింది. భీం మరణం తర్వాత, తిరుగుబాటు పునరావృతం కాకూడదన్న భయంతో నిజాం ప్రభుత్వం కదిలింది. హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో నివసిస్తూ చేసిన కృషితో 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. అంటే ఆ గూడేలకు బడి వచ్చినది తిరుగుబాటుకు ముందు కాదు, తిరుగుబాటు ఫలితంగా. గోండులు అక్షరానికి పూర్తిగా పరాయివారన్న భావన కూడా నిలిచేది కాదు. నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో ప్రత్యేకమైన గోండి లిపిలో రాతప్రతులు లభించాయి. గుంజాల గోండి పేరుతో ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కారణం ఫలితమై, ఫలితం కారణమై తారుమారు కావడం పూర్వకథలో మాత్రమే సాధ్యమయ్యే దోషం. కొనసాగింపులో ఎంత పొరపాటు జరిగినా ఇది జరగదు.

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని పరిశీలించాలి. విఠోబా, అస్సాం కథలకు కూడా పత్రాధారాలు లేనప్పుడు అవీ కల్పిత పూర్వకథలే కదా; ఒక కల్పనను మరొక కల్పన తోసిపుచ్చితే అన్యాయం ఎక్కడిది? వాదం సమంజసమైనదే. గాథ అంతా సత్యమని చెప్పి దీన్ని ఎదుర్కోవడం సరికాదు. సమాధానం సత్యాసత్యాల్లో కాక జవాబుదారీతనంలో వెదకాలి. గోండుల సంప్రదాయంలోనే దానికి నమూనా ఉన్నది. గోండు వంశాల ఆదికథలను గానం చేసే బాధ్యత ప్రధానులది. కిక్రి వాద్యంతో వారు చెప్పే వంశోత్పత్తి, దేవతల కథ, పహండి కుపార్ లింగాల్ గాథ ఒక విధంగా పూర్వకథలే. గాయకుడు కథను సాగదీస్తాడు, కుదిస్తాడు, సందర్భానికి తగ్గట్టు మెరుగులు దిద్దుతాడు. కల్పన అక్కడ నిషిద్ధం కాదు. కాని ప్రధాను ఎవరి వంశకథ చెబుతున్నాడో ఆ వంశపు గోండు అతడి ఎదుటే కూర్చుంటాడు. కథ దారి తప్పితే అక్కడికక్కడే అడిగే మనిషి ఉంటాడు. గాయకుడి జీవనం, గౌరవం ఆ ఇంటితోనే ముడిపడి ఉంటాయి. మరుసటి ఏడు అదే ఇంటి ముందు అతడు మళ్లీ పాడవలసి ఉంటుంది. ఎదుట కూర్చున్నవాడికి లోబడి చేసిన కల్పనకూ, ఎదుట ఎవరూ లేరనుకుని చేసిన కల్పనకూ మధ్య తేడా కళాగుణంలో కనిపించకపోవచ్చు. నైతికమైన తేడా మాత్రం ఉన్నది. అల్లం రాజయ్య, సాహుల నవల ప్రధానుల పాట కాదు, దాని రాజకీయ దృక్పథం దానిది. అయినా జోడేఘాట్ మనిషి దాన్ని విని తలూపవచ్చు, కాదనవచ్చు. అతడిని శ్రోతగా ఊహించుకుని రాసిన పుస్తకం అది.

ఈ కొలమానాన్ని కఠినంగా అన్వయించినా ప్రమాదమే. వీరుడి కథపై హక్కు రక్తసంబంధీకులకో, తెగకో మాత్రమే ఉన్నదంటే ఏ బయటి కవీ ఏ వీరుడినీ తాకలేడు. రక్తంలో అర్హతను లెక్కించే ఆ పాత దోషమే మరో దారిలో తిరిగి వస్తుంది. పైగా గోండు సమాజం ఒకే గొంతుతో మాట్లాడదు. తమ వీరుడి పేరు దేశదేశాల్లో వినిపించినందుకు సంతోషించినవారు కూడా ఆ ప్రాంతంలో ఉన్నారు. ఆ సంతోషాన్ని అమాయకత్వమని కొట్టివేయడం పండితుల అహంకారమే అవుతుంది. హక్కు ఒకరిదే అనడం వేరు, జవాబు చెప్పవలసినవారు కొందరు ఉన్నారనడం వేరు. రెండవది మొదటిదాన్ని కోరదు.

ఆశాభంగం చెందడానికి ముందు కథ తెలిసి ఉండాలి అన్నది ఈ చర్చలో తరచుగా మరుగున పడే అంశం. లూకాస్ పూర్వకథలను చూసి బాధపడినవారికి పాత చిత్రాలు కంఠస్థం. వారి సంఖ్యాబలం వల్లనే ఆ బాధ లోకానికి వినపడింది. ‘ఆర్ ఆర్ ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై దీర్ఘకాలం ఆడింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ ప్రేక్షకులలో అత్యధికులకు, తెలుగువారిలోనూ చాలామందికి, ఇది భీం గురించి విన్న మొదటి కథ. వారి దృష్టిలో ఇది పూర్వకథ కాదు, మూలకథ. జెండాపై రాత చూసి వారికి ఏ లోటూ కనిపించదు. కనిపించడానికి వారి వద్ద మరొక భీం లేడు. నిరాశ చెందే అవకాశం ఉన్నవారు కొన్ని మండలాలకు పరిమితమైన కొద్దిమంది మాత్రమే. వారి నిరాశను అభిమానుల అలకగా పరిగణించే విమర్శకుడు, ఆ కొద్దిమంది వద్ద మాత్రమే మిగిలి ఉన్న కథను కూడా చూడకుండా దాటిపోతున్నాడు.

ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాగా ఏర్పడిన ఆ ప్రాంతంలో, కెరమెరి మండలం జోడేఘాట్‌లో, భీం వర్ధంతిని క్యాలెండరు తేదీ ప్రకారం కాక ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు. ప్రభుత్వ కార్యక్రమాలు సైతం ఆ తిథినే అనుసరిస్తున్నాయి. ఆ రోజున గుట్ట ఎక్కి వచ్చే గోండు, కోలాం, ప్రధాను కుటుంబాల పిల్లలలో కొందరు ఇప్పటికే భీంను సినిమాలోనే మొదట చూసి ఉంటారు. వారికి పెద్దలు చెప్పే చాందా, అస్సాం కథ ఏ వరుసలో అందుతుందో, దేనికి ఏది పూర్వకథగా నిలుస్తుందో క్షేత్రపరిశోధన చేయవలసిన విషయం.